తిరుపతిలో పిస్టల్, పర్సనల్ సేఫ్టీ కోర్సు: పెట్రోల్ బంకు నడిపే మనిషిగా నా రివ్యూ

ముందే చెప్పేస్తా, ఇక్కడ అసలు తూటా పేల్చనివ్వరు. ఆ సరదా కోసం వచ్చేవాళ్లు డబ్బులు మిగుల్చుకోవచ్చు. తిరుపతి కరకంబాడి రోడ్డు వైపు ఒక రేకుల షెడ్డు, అందులో పది మీటర్ల లేన్లు కొన్ని, పక్కన ఖాళీ స్థలం, పైన చిన్న క్లాసు గది, అంతే ఈ సెంటర్. వాడేవి 4.5 మిల్లీమీటర్ల ఎయిర్ పిస్టళ్లు. 20 జౌల్స్ లోపు శక్తి ఉండే ఇలాంటి వాటికి మన దేశంలో ఆయుధ లైసెన్స్ అక్కర్లేదు కాబట్టి ఎవరైనా చేరొచ్చు. వీటితోపాటు బరువు సరిపోయేలా చేసిన రబ్బరు తుపాకులు, రబ్బరు కత్తులు ఉన్నాయి. కోర్సు ఆదివారాల్లో పెడతారు. ఫీజు ఆరు వేలు, పెల్లెట్లకు వేరే.

ఇంకొక సంగతి. కొత్తగా తుపాకీ లైసెన్స్‌కి అప్లై చేసేవాళ్లు సేఫ్టీ ట్రైనింగ్ సర్టిఫికెట్ పెట్టాలని 2016 ఆయుధ నియమాల్లో ఉంది. ఈ సెంటర్ ఆ సర్టిఫికెట్ ఇవ్వదు. వీళ్లు ఇచ్చేది గోడకు తగిలించుకునే కాగితం. ఫోన్ చేసి అడిగితే ఆ మాట నిజాయితీగానే చెప్తారు, బోర్డు మీద మాత్రం రాయలేదు. మా బ్యాచ్‌లో ఇద్దరు దానికోసమే వచ్చి మొదటి రోజే గొడవ పెట్టుకుని వెళ్లిపోయారు. బోర్డు మీద ఒక లైను రాస్తే ఈ తలనొప్పి ఉండదు.

నేనెందుకు చేరానంటే, చిత్తూరు–తిరుపతి రోడ్డు మీద మాకు పెట్రోల్ బంకు ఉంది. మామగారు పెట్టింది. మా ఆయన ఉద్యోగం బెంగళూరులో, ఆయన వచ్చేది శని, ఆదివారాలే కాబట్టి మామగారు పోయాక బంకు నా చేతికొచ్చింది. బంకుతోపాటే ఆయన పాయింట్ 32 రివాల్వర్ కూడా. లైసెన్స్ వారసుల పేరు మీదికి మార్చుకోవచ్చని, ఆ వారసుల్లో కోడలు కూడా ఉంటుందని కలెక్టరేట్‌లో గుమాస్తా చెప్పేదాకా మా ఇంట్లో ఎవరికీ తెలీదు. కాన్పూర్‌లో ప్రభుత్వ ఫ్యాక్టరీలో తయారైన ఆరు గుళ్ల రివాల్వర్ అది. మామగారు ఏటా ఆయుధ పూజకు బయటికి తీసి, నూనె గుడ్డతో తుడిచి, బొట్టు పెట్టి లోపల పెట్టేసేవారు. ఎన్నికల కోడ్ వచ్చినప్పుడు స్టేషన్‌లో డిపాజిట్ చేసి, అయ్యాక తెచ్చుకునేవారు. మా ఇంట్లో దాని ప్రయాణాలన్నీ అవే. మా వైపు లైసెన్స్ ఉన్న చాలా ఇళ్లలో ఇదే కథ అని బ్యాచ్‌లో మాటలు కలిపాక అర్థమైంది.

ఫోన్‌పే వచ్చాక గల్లాలో నోట్లు బాగా తగ్గాయి, నిజమే. కానీ జూన్, జూలైల్లో తోతాపురి కాయ పల్ప్ ఫ్యాక్టరీలకు పోయే సీజన్‌లో ట్రాక్టర్లు, లారీలు రాత్రంతా ఆగుతాయి, వాళ్లలో సగం మంది చేతికి నోట్లే ఇస్తారు. ఆ టైములో రాత్రి పదకొండుకి గల్లా లెక్క చూసుకుని ఇంటికి వెళ్లడమంటే నాకు టెన్షనే. పైగా 2015 నవంబరులో మేయర్‌ని కార్పొరేషన్ ఆఫీసులోనే చంపిన ఊరు మా చిత్తూరు. చుట్టూ జనం ఉన్నారు కదా అన్న ధీమా అప్పటినుంచీ నాకు పెద్దగా లేదు.

నేర్పేది ఒక రిటైర్డ్ సుబేదార్. అందరూ ‘సార్’ అనే పిలుస్తారు, నేనూ అంతే. గొంతు పెద్దది, నవ్వు తక్కువ. షూటింగ్ పోటీలకు పిల్లల్ని తయారు చేసే కోచ్ అమ్మాయి ఇంకొకరు ఉన్నారు. ఇద్దరిదీ రెండు రకాల పద్ధతి. ఆ అమ్మాయి చెప్పేది ఒంటిచేత్తో, పక్కకు తిరిగి నిలబడి, ఊపిరి ఆపి కొట్టే ఒలింపిక్ తరహా. సార్ చెప్పేది రెండు చేతులతో, ఎదురుగా, మోకాళ్లు కొంచెం వంచి నిలబడేది. ఒకే ఆదివారం రెండూ నేర్పితే చేతులకు ఏది గుర్తుండాలి? మొదటి వారం ఒంటిచేతి పద్ధతి అయ్యాక రెండో పద్ధతికి మారితే బాగుండేది. అయితే తుపాకీ మీద గురి చూసుకునే ముందు సైటు, వెనక సైటు ఒక వరసలోకి తెచ్చుకోవడం, ట్రిగ్గర్‌ని గుంజకుండా నొక్కడం ఆ అమ్మాయి చెప్పినంత ఓపికగా సార్ చెప్పలేదు. పది మీటర్ల ఎయిర్ పిస్టల్ టార్గెట్‌లో పది మార్కుల గుండ్రం అడ్డంగా పదకొండున్నర మిల్లీమీటర్లే. చొక్కా బొత్తామంత. దాన్ని తాకాలంటే చెయ్యి ఎంత వణుకుతోందో మనకే తెలిసిపోతుంది. మను భాకర్ 2024 పారిస్‌లో పతకం తెచ్చింది ఈ విభాగంలోనే కదా. టీవీలో చూసినప్పుడు ఇదేం పెద్ద పని అనుకున్నవాళ్లు ఒకసారి పట్టుకుని చూడాలి.

మొదటి రోజు మమ్మల్ని తుపాకీ ముట్టుకోనివ్వలేదు. నాలుగు సూత్రాలు బోర్డు మీద రాసి, ఒక్కొక్కరితో పైకి చెప్పించారు. ప్రతి తుపాకీలోనూ గుండు ఉందనే అనుకోవాలి. నాశనం చేయడానికి సిద్ధంగా లేనిదాని వైపు గొట్టం తిప్పకూడదు. గురి కుదిరేదాకా వేలు ట్రిగ్గర్ మీద పెట్టకూడదు. గురి ఏమిటో, దాని వెనక ఏముందో తెలియకుండా పేల్చకూడదు. ఇవి జెఫ్ కూపర్ అనే అమెరికన్ సైనికాధికారి ప్రచారంలోకి తెచ్చిన సూత్రాలట, ప్రపంచమంతా దాదాపు ఇవే చెప్తారట. చిన్నపిల్లల్లా ఎక్కాలు అప్పజెప్పడమేంటి అని పక్కనున్న రియల్ ఎస్టేట్ ఆయన గొణిగాడు. తర్వాతి వారం అదే మనిషి లేన్‌లో నిలబడి, ఎవరో పిలిస్తే పిస్టల్‌తో సహా వెనక్కి తిరిగాడు. సార్ ఒక్క మాట అనలేదు. మణికట్టు పట్టుకుని గొట్టం కిందికి దించి, పిస్టల్ తీసుకుని, “ఈ రోజుకు మీరు కూర్చోండి” అన్నారు. ఆయన అలిగి ఇంకో గంటలో వెళ్లిపోయాడు. ఆ క్షణంలో ఆ గొట్టం నా వైపే ఉంది. అందుకే ఈ సెంటర్‌కి క్రమశిక్షణ విషయంలో పూర్తి మార్కులు వేస్తున్నా.

లైసెన్స్ ఉన్నవాళ్లు సొంత తుపాకీని అక్కడికి తీసుకురాకూడదు. అది కూడా మంచి నియమమే. మన రివాల్వర్‌తో చేయాల్సింది ఇంట్లో చేసే ‘డ్రై ప్రాక్టీస్’. తూటాలు వేరే గదిలో పెట్టి తాళం వేసి, సిలిండర్ తెరిచి ఆరు గదుల్నీ కంటితో చూసి, చూపుడు వేలితో తడిమి, గోడ వైపు గురిపెట్టి ఖాళీగా ట్రిగ్గర్ నొక్కడం. లోపలి పిన్ను దెబ్బతినకుండా డమ్మీ తూటాలు వేసుకోమన్నారు. ముందు సైటు దగ్గర గొట్టం మీద రూపాయి బిళ్ల నిలబెట్టి, అది పడకుండా నొక్కాలి. మొదట్లో నా బిళ్ల ప్రతిసారీ మంచం కిందికి దొర్లిపోయేది. మా అత్తయ్య తలుపు దగ్గర నిలబడి, “ఏందమ్మా, డబ్బులు పారబోస్తున్నావు” అనేది.

ఇక్కడ కొనేవాళ్లకు పనికొచ్చే తేడా ఒకటి ఉంది. పోటీ ఎయిర్ పిస్టల్ ట్రిగ్గర్ అర కిలో బరువుకే కదులుతుంది. మామగారి రివాల్వర్ సుత్తి వెనక్కి లాగకుండా నేరుగా నొక్కాలంటే దానికి ఎన్నో రెట్లు బలం కావాలి. నా వేలికి మొదట అసలు రాలేదు. సెంటర్‌లో చక్కగా తొమ్మిదులు, పదులు కొట్టినవాళ్లు ఇంట్లో రివాల్వర్ పట్టుకుంటే వేరే ప్రపంచం. ఎయిర్ పిస్టల్‌కి మోత ఉండదు, వెనక్కి తన్నే దెబ్బ ఉండదు, ఈ రెండూ అది నేర్పలేదు. సార్ దీన్ని ఒప్పుకున్నారు గానీ, ఫీజు కట్టేటప్పుడు చెప్పలేదు. బ్యాచ్‌లో ఒక లెక్చరర్ మేడమ్ నిర్భీక్ రివాల్వర్ గురించి అడిగింది. 2014లో ఆడవాళ్లకోసం అని ప్రచారం చేసి, 1,22,360 రూపాయల ధర పెట్టి తెచ్చారే, అర కిలో బరువుండేది, అదే. సార్ జవాబు సూటిగా ఉంది. “తేలిక తుపాకీ మోయడానికి సుఖం, పేల్చేటప్పుడు ఎక్కువ తంతుంది. లక్ష రూపాయలు పెట్టే ముందు చేతి పట్టు పెంచుకోండమ్మా.” నాకైతే ఆ మాటకే సగం ఫీజు గిట్టింది. పట్టు కోసం ఆయన చెప్పిన చిట్కా కూడా ఖర్చు లేనిది, తడి తువ్వాలు పిండటం. మనకది రోజూ ఉన్న పనే, ఇక నుంచి లెక్కపెట్టి పిండటమే.

ఈ రివ్యూ రాయడానికి అసలు కారణం నాలుగో సూత్రం మీద, అంటే గురి వెనక ఏముందో చూసుకోవడం మీద జరిగిన క్లాసు.

దానికి ముందు దూరం గురించి ఒక పాఠం ఉంది. అమెరికాలో సాల్ట్ లేక్ సిటీ పోలీసుల్లో పనిచేసిన డెన్నిస్ ట్యూలర్ 1983లో రాసిన లెక్క. కత్తి పట్టుకున్న మనిషి 21 అడుగుల దూరం నుంచి ఉరికితే సుమారు ఒకటిన్నర సెకనులో మన మీదికి వచ్చేస్తాడు. సార్ దీన్ని చెప్పి ఊరుకోలేదు, ఖాళీ స్థలంలో సున్నంతో గీత గీసి చేయించారు. ఎస్వీ యూనివర్సిటీలో చదువుకునే కుర్రాడికి రబ్బరు కత్తి ఇచ్చారు. మాకు రబ్బరు తుపాకీ, అది మామూలుగా ఎక్కడ పెట్టుకుంటామో అక్కడే పెట్టుకోమన్నారు. నేను హ్యాండ్‌బ్యాగులో పెట్టుకున్నా. జిప్పు సగం కూడా తెరవకముందే రబ్బరు కత్తి నా భుజానికి తగిలింది. నగల షాపు ఆయన నడుముకు తగిలించుకుని కూడా చొక్కా పైకి లాగేలోపే దొరికిపోయాడు. తర్వాత అదే పని పక్కకు అడుగు వేస్తూ, మధ్యలో కుర్చీయో స్కూటరో అడ్డం పెట్టుకుని చేయించారు. అడ్డం ఒక్కటి ఉంటే ఎంత తేడా వస్తుందో ఒంటికి తెలిసింది. చొక్కా కింద నుంచి లాగే అమెరికా వీడియోలు చూపించడం మాత్రం తగ్గించాలి. మన దగ్గర పబ్లిక్‌లో తుపాకీ తీసుకెళ్లాలంటే హోల్‌స్టర్‌లో, అంటే దాని ఒరలో, పూర్తిగా కప్పి ఉండాలి, ఊపి చూపించడం నేరం. పైగా ఆ వీడియోల్లో చీర కట్టుకున్నవాళ్లు ఒక్కరూ లేరు.

తర్వాతి ఆదివారం అందరికీ తెల్ల కాగితాలిచ్చి, ఎవరు ఎక్కడ భయపడుతున్నారో ఆ చోటు బొమ్మ గీయమన్నారు. నేను బంకు గీశాను. పైన కెనోపీ కప్పు, కింద పెట్రోల్ పోసే రెండు డిస్పెన్సింగ్ యూనిట్లు, అద్దాల ఆఫీసు, పక్కన గాలి మిషను, కాంపౌండ్ గోడ దగ్గర భూమిలోని ట్యాంకుల వెంట్ పైపులు, రోడ్డుకు అవతల టీ అంగడి, బస్సు కోసం జనం నిలబడే చెట్టు. సార్ ఎర్ర పెన్సిల్ ఇచ్చి, “దొంగ ఎక్కడెక్కడ నిలబడగలడు, అక్కడ చుక్క పెట్టమ్మా. మీ కుర్చీ నుంచి ప్రతి చుక్క మీదుగా గీత గీసి, అది ఎక్కడిదాకా పోతుందో చూడు” అన్నారు.

మొదటి గీత పెట్రోల్ యూనిట్‌లోకి పోయింది. రెండోది నాజిల్ పట్టుకునే కుర్రాడు నిలబడే చోట ఆగింది. మూడోది రోడ్డు దాటి టీ అంగడి బెంచీ దాకా. ఇంకోటి గాలి మిషను పక్కనుంచి పోయి, రాత్రి షిఫ్టు అయ్యాక బంకు పిల్లలు, అంటే పనిచేసే కుర్రాళ్లు, పడుకునే గది గోడకు తగిలింది. ఆ గోడ సిమెంటు షీటుది. ఒక్క గీత కూడా ఖాళీ ఇటుక గోడ దగ్గర ఆగలేదు. తూటా తగలకపోయినా చాలు, పెట్రోల్ ఆవిరి గాలికన్నా బరువు, నేల పట్టుకుని పాకుతుంది. ట్యాంకర్ దిగుమతి అవుతున్నప్పుడు ఫోను కూడా తీయనివ్వను నేను, అలాంటిది నిప్పు కక్కే గొట్టం తీయడమా? ఈ సంగతి ఏళ్ల తరబడి బంకు నడుపుతున్న నాకు ఒకరు చెప్పక్కర్లేదు. కానీ కాగితం మీద ఎర్ర గీతలు చూశాక ఇంక వాదించడానికి ఏమీ మిగల్లేదు. “మీ బంకులో దీనికి చోటు లేదమ్మా” అన్నారు సార్. మరి మామగారు ఇన్నేళ్లు టేబుల్ సొరుగులో పెట్టుకునేవారే అన్నాను. “ఆయన అదృష్టవంతులు, తీయాల్సిన అవసరం రాలేదు” అన్నారు.

నగల షాపు ఆయన బొమ్మ వేరేగా వచ్చింది. ఆయన గీతల్లో ఒకటి స్ట్రాంగ్ రూమ్ గోడ దగ్గర ఆగింది. అందుకే ఆయన కుర్చీ ఆ పక్కకు మార్చమన్నారు. పలమనేరు వైపు మామిడితోట ఉన్న పెద్దాయన తోట బొమ్మ గీసి, చుక్కలు దొంగలకు కాకుండా ఏనుగులకు పెట్టాడు. అందరం నవ్వాం, ఆయన నవ్వలేదు. కౌండిన్య అడవి నుంచి వచ్చే గుంపులు ఆయనకు దొంగలకన్నా పెద్ద నష్టం. ఏనుగు వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూల్‌లోది, దాని మీద గురిపెట్టే ఆలోచనే వద్దని సార్ గట్టిగా చెప్పి, అటవీ శాఖవాళ్లకు చేయాల్సిన ఫోను గురించి చాలాసేపు మాట్లాడారు. ఆ రోజు టైము దాటింది గానీ ఎవరూ లేవలేదు.

బంకు విషయంలో ఆయన సలహాలు చాలావరకు పాటించాను. గల్లా నోట్లు గంటకోసారి, పిల్లల దగ్గర తాళంచెవి లేని ఇనుప పెట్టెలో వేయించడం. ఆ సంగతి బయట పెద్ద అక్షరాలతో రాయించడం. ఎవడైనా బెదిరిస్తే చేతిలో ఉన్నది ఇచ్చేయాలని, బండి నంబరు, పారిపోయిన దిక్కు చూసి 112కి చెప్పాలని పిల్లలకు ఒట్టు పెట్టించినంత పని చేశా. వాళ్లలో ఒకడు, “అక్కా, మనం ఇచ్చేస్తే మన మీదే అనుమానం పడదా?” అన్నాడు. వాడి భయం అది. పడదని అందరి ముందూ చెప్పి, కాగితం మీద రాసి సంతకం పెట్టా. ఆఫీసు అద్దాల లోపల లైటు తగ్గించి, బయట పెంచాం. ఇంతకుముందు బయటి చీకట్లో ఎవడున్నాడో లోపలి నాకు కనిపించేది కాదు, నేను మాత్రం వాడికి బాగా కనిపించేదాన్ని.

ఇంటి బొమ్మ దగ్గర సార్‌కీ నాకూ పడలేదు. ఆయన పద్ధతి ఇది: రాత్రి చప్పుడైతే బెడ్‌రూమ్ తలుపు గడియ పెట్టుకుని, తుపాకీ లాకర్‌లోంచి తీసి, మంచానికి వెనకాల కూర్చుని, 112కి ఫోను చేసి అక్కడే ఉండాలి. ఇల్లంతా తిరిగి దొంగను వెతకకూడదు. వినడానికి బాగుంది. కానీ అది నలుగురూ ఒకే గదిలో పడుకునే ఇంటికో, ఎవరి గది వారిదయిన ఇంటికో సరిపోతుంది. మా ఇంట్లో అత్తయ్య హాల్లో పడుకుంటుంది. ఎండాకాలం కొడుకు మిద్దె మీద. నేను గడియ పెట్టుకుంటే ఆవిడ బయట, దొంగ పక్కన. ఈ మాట అడిగితే మొదట విసుక్కున్నారు. రెండోసారి అడిగాక బోర్డు తుడిచి మళ్లీ గీశారు. తేలిందేమిటంటే అత్తయ్య మంచం నా గది పక్క గదికి మారాలి, మిద్దె తలుపుకు లోపల గొళ్లెం, పైన కొడుకుతో ముందే ఒక మాట అనుకుని ఉండాలి, ఆ మాట వినపడితే తప్ప వాడు కిందికి దిగకూడదు. చీకట్లో మెట్లు దిగే మనిషి దొంగో కొడుకో తెలియకుండా గురిపెట్టడం కన్నా ఘోరం ఏముంటుంది? అత్తయ్యను ఒప్పించడానికి వారం పట్టింది. “ఆ దొంగ వచ్చేది నాకోసమా?” అంటుంది. ఇలాంటి ఇళ్ల బొమ్మలు సెంటర్‌వాళ్లు ముందే తయారుగా పెట్టుకోవాలి. తిరుపతి, చిత్తూరుల్లో వాళ్ల దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామందివి మా ఇంటిలాంటి ఇళ్లే.

చట్టం క్లాసు నిరాశపరిచింది. ఒక లాయరు గారు వచ్చారు. మనిషి తెలివైనవాడే, కానీ గంటలో ముగించి బస్సుకు పరిగెత్తాడు. స్లైడ్ల మీద ఇంకా ఐపీసీ 96 నుంచి 106 సెక్షన్లే ఉన్నాయి. 2024 జూలై 1 నుంచి ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చింది, ఆత్మరక్షణ హక్కు ఇప్పుడు 34 నుంచి 44 వరకు ఉంది. ఫీజు తీసుకుని పాత నంబర్లు చూపించడం బాగోలేదు. విషయం పెద్దగా మారలేదు గనక చెప్పింది పనికొస్తుంది. ప్రాణం పోతుందనో, తీవ్రమైన గాయమవుతుందనో, అత్యాచారం, కిడ్నాప్, యాసిడ్ దాడి లాంటివి జరుగుతాయనో న్యాయమైన భయం ఉంటేనే ఎదుటివాడి ప్రాణం తీసేదాకా వెళ్లే హక్కు వర్తిస్తుంది. ఆ భయం ఉన్నంతసేపే హక్కు ఉంటుంది, పారిపోతున్నవాడి వీపు మీద కాలిస్తే అది రక్షణ కాదు. పోలీసు సాయం తీసుకునే టైము ఉంటే ఆ హక్కు లేదు, అవసరానికి మించిన దెబ్బ కొట్టకూడదు. ఆస్తి కోసమైతే దోపిడీ, సూర్యాస్తమయం తర్వాత ఇంటికి కన్నం వేయడం లాంటివి వేరు, ఉత్త దొంగతనం వేరు. నగల షాపు ఆయన దీని మీద అడిగిన ప్రశ్నలకే ఇంకో గంట పట్టేది, కానీ లాయరు గారి బస్సు ఆగదు కదా. పెళ్లిలో గాలిలోకి పేల్చినా, అజాగ్రత్తగా వాడి ఎవరి ప్రాణానికైనా ముప్పు తెచ్చినా రెండేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా, లేదా రెండూ అని ఆయుధ చట్టానికి 2019లో చేసిన సవరణలో వచ్చింది. ఇది చెప్పగానే వెనక బెంచీలో రీల్స్ తీసుకునే కుర్రాళ్లు ఫోన్లు లోపల పెట్టారు.

ఆయుధం లేకుండా చేసే సాధన ఎక్కువ సేపు ఉంటుంది, చాలామందికి అది విసుగు. నాకు నచ్చింది గొంతు పాఠం. అరచేతులు ఛాతీ ఎత్తున ముందుకు పెట్టి, “ఆగు! దగ్గరికి రావద్దు!” అని పొట్టలోంచి అరవాలి. లెక్చరర్ మేడమ్ క్లాసులో అరవై మందిని అదిలించే మనిషి, ఇక్కడ మాత్రం గొంతు పెగలక నవ్వేసింది. నాలుగైదు సార్లకు గానీ రాలేదు. కర్ర పాఠం కూడా ఉంది. 2023లో చిరుత భయానికి అలిపిరి నడకదారి భక్తులకు టీటీడీ కర్రలిచ్చినప్పుడు వాట్సాప్‌లో జోకులు తిరిగాయి, గుర్తుందా? చేతిలో కర్ర ఉంటే ఎదుటివాడు ఎంత దూరంలో ఆగిపోతాడో చూశాక నేను ఆ జోకులు పంపడం మానేశా. పెప్పర్ స్ప్రే గాలి వాలు చూసి కొట్టాలన్న పాఠం పది నిమిషాల్లో తేల్చేశారు, అది చాలు కూడా.

ఇక సెంటర్ సౌకర్యాలు. తిరుపతి ఎండలో రేకుల షెడ్డు, రెండే ఫ్యాన్లు, ఏప్రిల్ దాటాక చేరకండి. కళ్లద్దాలు గీతలు పడి మసకగా ఉన్నాయి, సొంతవి తెచ్చుకోవడం మేలు. బాత్రూమ్ ఒకటే, గడియ సరిగా పడదు, సేఫ్టీ నేర్పే చోట ఇదేం సేఫ్టీ అని రాసి సలహాల పెట్టె‌లో వేశా. అన్నిటికన్నా గట్టిగా చెప్పాల్సింది ఇది: పెల్లెట్లు సీసంతో చేసినవి. వేళ్లకు అంటుకుంటుంది, నోట్లోకి పోతే మంచిది కాదు. ఇక్కడ లేన్ల పక్కనే టీ, పులిబొంగరాలు పెడతారు, చేతులు కడుక్కోవడానికి సబ్బు ఉండదు. పులిబొంగరాలు చాలా బాగుంటాయి, అదే ప్రమాదం. పిల్లలు కూడా సాధనకు వచ్చే చోటు కాబట్టి తిండి బల్ల బయటికి మార్చి, కుళాయి దగ్గర సబ్బు పెట్టాలి. ఇది ఖర్చు లేని పని.

ఎవరు చేరాలి అంటే, ఇంట్లో లైసెన్స్ తుపాకీ ఉండి, దాన్ని బీరువాలో గుడ్డలో చుట్టి పెట్టుకున్న ప్రతి ఒక్కరూ. లైసెన్స్ తీసుకోవాలా వద్దా అని తేల్చుకోలేని వ్యాపారస్తులు కూడా. ఒక్క బొమ్మ క్లాసుకే డబ్బు గిట్టుతుంది. షూటింగ్ క్రీడ నేర్చుకోవాలనుకునే పిల్లలకు అదే షెడ్డులో వారం మధ్యలో జరిగే కోచ్ అమ్మాయి క్లాసులు మేలు, వాళ్లకు ఈ కోర్సు అక్కర్లేదు. అయిదుకు నాలుగు స్టార్లు ఇస్తున్నా. తగ్గించిన స్టారు సబ్బుకీ, పాత స్లైడ్లకీ.

రెండో లెవెల్‌కి చేరమని ఫోన్లు చేస్తున్నారు. చీకట్లో టార్చి పట్టుకుని చేసే సాధన అందులో ఉందా అని అడిగితే, ఉంది, కిటికీలకు నల్ల గుడ్డ కట్టి పగలే చేయిస్తామన్నారు. రాత్రి బ్యాచ్ పెట్టండి, బంకు తాళం వేసి నేరుగా వస్తానని చెప్పా. షాపులవాళ్లం, బంకులవాళ్లం అందరం భయపడేది ఆ టైముకే. పెడితే డబ్బు కడతా, ఈ రివ్యూ కింద మళ్లీ రాస్తా.